క్వాంటమ్ అంటే ఎంత?

ఇంగ్లీషు మాటల మీద పాఠకులు అడిగే సందేహాలకు ఈ శీర్షికలో జవాబులు రాస్తుంటాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ‘క్వాంటమ్’ మీదే చాలా ఉన్నాయి. ఒకరు కోర్టు వార్త విని అడిగారు, ఒకరు పాఠ్యపుస్తకం చూసి అడిగారు, ఇంకొకరు టీవీ పెట్టె మీద చూసి అడిగారు. అందుకే ఈ సంచికలో చోటంతా ఆ ఒక్క మాటకే ఇచ్చాను. నేను డిగ్రీలో చదివింది భౌతికశాస్త్రం. ఉద్యోగమంతా కోర్టు కాగితాలను తెలుగు చేయడంలో గడిచింది. కాబట్టి ఈ మాటతో నాకు రెండు వైపుల నుంచీ పరిచయం ఉంది.

ప్రశ్న: అమ్మా, ఒక కేసులో ‘నిందితుడు దోషి అని తేలింది, క్వాంటమ్ ఆఫ్ సెంటెన్స్ మీద రేపు వాదనలు’ అని వార్తల్లో చెప్పారు. మా పిల్లాడి ఫిజిక్స్ పుస్తకంలోనూ క్వాంటమ్ ఉంది. రెండూ ఒకటేనా? జైలు శిక్షకూ ఫిజిక్సుకూ ఏం సంబంధం?

జవాబు: రెండూ ఒకటే మాటండీ. లాటిన్‌లో ‘క్వాంటమ్’ అంటే ‘ఎంత’. దానికి జంటగా ‘టాంటమ్’ అని ఇంకో మాట ఉంది, అంటే ‘అంత’. మనం ‘ఎంత పెడితే అంత’ అన్నట్టే వాళ్లూ ఈ రెంటినీ జోడించి వాడేవారు. ఇంగ్లీషులోకి వచ్చాక ఆ ప్రశ్న మాటే నామవాచకమైంది. ‘ఎంత అన్న సంగతి’ అని దాని అర్థం. నిఘంటువులో పరిమాణం, మొత్తం, వాటా అని కనిపించేవన్నీ అక్కణ్నుంచి వచ్చినవే. క్వాంటిటీ, క్వాంటిఫై కూడా ఆ కుటుంబంలోవే.

‘ఎంత’ అనే మాటలో పెద్ద అన్న అర్థం లేదు, చిన్న అన్న అర్థమూ లేదు. ఎంత దూరం అని అడిగితే అడుగు దూరమూ కావచ్చు, ఆకాశమంత దూరమూ కావచ్చు. క్వాంటమ్ కూడా అంతే. ఈ మాట వాడకంలో నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ భాగం, దానికి ఎవరో ఒకరు ఒక సైజు అంటగట్టడం వల్ల వచ్చినవే. కింది ఉత్తరాల్లోనూ మీకది కనిపిస్తుంది.

ఇక కోర్టు సంగతి. అక్కడ రెండు ప్రశ్నలు విడివిడిగా ఉంటాయి. నేరం చేశాడా లేదా అన్నది మొదటిది. చేశాడని తేలాక, శిక్ష ఎంత అన్నది రెండోది. ఆ రెండోదే క్వాంటమ్ ఆఫ్ సెంటెన్స్. ఆ దశలో సాక్ష్యాలను మళ్లీ తిరగదోడరు. దోషి వయసు, అంతకుముందు నడవడిక, నేరం ఎంత తీవ్రమైనది, మారే అవకాశం ఉందా, ఇలాంటివి వింటారు. ‘దోషి అని తేల్చేశాక ఇంకా వాదనలేమిటి?’ అని చాలామందికి చిరాకు కలుగుతుంది. ఏళ్ల తరబడి జైలా, కొద్ది నెలలా అన్నది ఆ వాదనల మీదే ఆధారపడుతుంది. మనిషి జీవితానికి సంబంధించిన లెక్క అది. తొందరపడి తేల్చేది కాదు.

నష్టపరిహారం కేసుల్లోనూ ఇదే విభజన. ఇంగ్లీషు కాగితాల్లో ఒకవైపు లయబిలిటీ అని, ఇంకోవైపు క్వాంటమ్ అని ఉంటుంది. బాధ్యత ఎవరిది, ఎంత కట్టాలి. అవతలి పక్షం ‘లయబిలిటీ ఒప్పుకుంటున్నాం, క్వాంటమ్ మీద అభ్యంతరం ఉంది’ అని రాసిందంటే, డబ్బు ఇవ్వాల్సిందేనని ఒప్పుకున్నట్టు. మీరు అడిగినంత ఇవ్వం అంటోంది, అంతే. అభ్యంతరం అన్న ఒక్క మాట చూసి అంతా పోయిందని కుంగిపోయిన వాళ్లను నేను ఎరుగుదును. నిజానికి కష్టమైన సగం అప్పటికే తేలిపోయి ఉంటుంది. మీ చేతికి అలాంటి కాగితం వస్తే ముందు ఈ రెండు మాటల్లో ఏది ఎక్కడ ఉందో చూసుకోండి.

తెలుగు చేసేటప్పుడు మా విభాగంలో ‘శిక్షా పరిమాణం’ అని రాసేవారు. తప్పని అనను. కానీ ఆ కాగితం చివరికి చేరేది కక్షిదారు చేతికి. ‘శిక్ష ఎంత అన్నదానిపై వాదనలు’ అంటే అతను ఎవరినీ అడగక్కర్లేదు. నేను అలాగే రాసేదాన్ని. ఇప్పుడు వార్తలు రాసే పిల్లలకూ అదే చెబుతున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను ‘అమౌంట్ ఆఫ్ వర్క్’ అని రాస్తే మా పై అధికారి కొట్టేసి ‘క్వాంటమ్ ఆఫ్ వర్క్’ అని దిద్దుతారు. అమౌంట్, క్వాంటిటీ, నంబర్, క్వాంటమ్. వీటిలో ఏది ఎక్కడ వాడాలి?

జవాబు: మీరు రాసింది తప్పు కాదు. ఆయన దిద్దిందీ తప్పు కాదు, కానీ దిద్దాల్సిన అవసరం లేదు.

లెక్కపెట్టగలిగేవాటికి నంబర్. మనుషులు, కుర్చీలు, ఫిర్యాదులు. లెక్కపెట్టలేనివాటికి అమౌంట్. నీళ్లు, సమయం, శ్రమ, దుమ్ము. ‘అమౌంట్ ఆఫ్ పీపుల్’ అని ఈ మధ్య చాలా చోట్ల కనిపిస్తోంది. జాగ్రత్తగా రాసేవాళ్లు అలా రాయరు, ‘నంబర్ ఆఫ్ పీపుల్’ అంటారు. క్వాంటిటీ రెండు వైపులా పనికొస్తుంది. ‘లార్జ్ క్వాంటిటీ ఆఫ్ వాటర్’ అనొచ్చు, ‘లార్జ్ క్వాంటిటీ ఆఫ్ బుక్స్’ అనీ అనొచ్చు. అయితే క్వాంటిటీ అనగానే కొలతో తూకమో మనసులోకి వస్తుంది. అందుకే ప్రేమకూ ఓర్పుకూ అది సరిపోదు. మనుషులకు అసలే బాగుండదు, సరుకు గురించి మాట్లాడినట్టుంటుంది.

అమౌంట్ పుట్టుక చూస్తే దాని స్వభావం తెలుస్తుంది. పాత ఫ్రెంచిలో ‘కొండ వైపుకి, పైకి’ అనే అర్థం నుంచి వచ్చింది. ఒకదాని మీద ఒకటి చేరి పైకి పోయి చివరికి ఎంత అయిందో అది అమౌంట్. బిల్లు చివర ఉండేది అందుకే అమౌంట్. ‘అమౌంట్స్ టు’ అనే క్రియలోనూ ఆ చేరిక కనిపిస్తుంది. మన తెలుగులో అమౌంట్ అంటే దాదాపు డబ్బే అయిపోయింది. ‘అమౌంట్ వేశారా?’ అంటే ఇంకో అర్థం రాదు. ఈ అలవాటుతో ఇంగ్లీషు చదివేటప్పుడే చిక్కు. ‘అమౌంట్ ఆఫ్ సబ్‌స్టెన్స్’ అని రసాయనశాస్త్రంలో చదివి డబ్బు లెక్కేమో అనుకోకూడదు. అది పదార్థ పరిమాణం. మోల్‌లలో చెబుతారు. ఒక మోల్‌లో 6.02214076 × 10 టు ద పవర్ 23 కణాలు ఉంటాయి.

ఇక క్వాంటమ్. అది ఒక అధికారో ఒక లెక్కో నిర్ణయించాల్సిన ‘ఎంత’కు చక్కగా సరిపోతుంది. పరిహారం, శిక్ష, పెన్షన్, జరిమానా. ఎవరో కూర్చుని ‘ఇంత’ అని తేల్చాల్సినవి. మామూలు ఉత్తరంలో ‘ఈ వారం పని ఎక్కువగా ఉంది’ అనడానికి క్వాంటమ్ తెచ్చిపెట్టడం వల్ల భాష బరువెక్కుతుందే కానీ విషయం పెరగదు. మీ అధికారితో తగువు పెట్టుకోకండి. ఆయన కాగితంలో ఆయన మాట ఉండనివ్వండి, మీ కాగితంలో అమౌంట్ అని నిశ్చింతగా రాయండి.

ప్రశ్న: నమస్కారం అమ్మా. నేను పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. ఒక ఒప్పంద పత్రంలో ‘క్వాంటమ్ మెరూయిట్’ అని ఉంది. సగం బొమ్మలు వేశాక పని ఆగిపోతే నాకు డబ్బు వస్తుందా అని అడిగితే, అదే ఆ మాట అని చెప్పారు. అర్థం కాలేదు.

జవాబు: అర్థం చాలా సూటిగా ఉంటుంది: ‘ఎంతకు అర్హుడో అంత’. చేసిన పనికి తగినంత ముట్టాలి అన్న సూత్రం. ఎంత ఇవ్వాలో ముందే తేల్చుకోకపోయినా, ఒప్పందం మధ్యలో అవతలివాళ్ల వల్ల తెగిపోయినా, అప్పటిదాకా చేసిన పనికి న్యాయమైన విలువ కట్టి ఇప్పించమని అడగడానికి ఇంగ్లీషు న్యాయశాస్త్రం ఈ లాటిన్ మాటను వాడుతుంది. వస్తువులైతే ‘క్వాంటమ్ వాలెబాంట్’, అంటే అవి ఎంత విలువ చేస్తాయో అంత.

మీ ఉత్తరం చదవగానే నాకు 1831 నాటి ప్లాంషే వర్సెస్ కోల్‌బర్న్ కేసు గుర్తొచ్చింది. అది అచ్చం మీలాంటి వాళ్లదే. పిల్లల కోసం వేస్తున్న ఒక గ్రంథమాలకు పాతకాలపు దుస్తులు, కవచాల మీద పుస్తకం రాసివ్వమని ప్రచురణకర్తలు ఒక రచయితతో ఒప్పందం చేసుకున్నారు. పుస్తకం పూర్తయితే 100 పౌండ్లు. ఆయన సమాచారం సేకరించి కొంత భాగం రాశాడు. ఈలోగా ప్రచురణకర్తలు ఆ గ్రంథమాలనే మానేశారు. పుస్తకం పూర్తి కాలేదు కాబట్టి ఒప్పందం ప్రకారం 100 పౌండ్లు అడగడానికి లేదు. కానీ ఆపేసింది వాళ్లు. అప్పటిదాకా పడ్డ శ్రమకు 50 పౌండ్లు రావాలని తీర్పు వచ్చింది. ఆ 50 పౌండ్లూ క్వాంటమ్ మెరూయిట్ కిందే.

అయితే ఈ మాట ఒప్పందంలో ఉందని నిశ్చింతగా ఉండిపోకండి. దానికి ముందు, 1795లో కట్టర్ వర్సెస్ పావెల్ అని ఒక కేసు జరిగింది. జమైకా నుంచి లివర్‌పూల్ వెళ్లే ఓడలో కట్టర్ అనే అతను సెకండ్ మేట్‌గా, అంటే కెప్టెన్ కింది అధికారుల్లో ఒకడిగా, చేరాడు. లివర్‌పూల్ చేరేదాకా విధులు నిర్వర్తిస్తే 30 గినీలు (గినీ అంటే పౌండు కంటే కాస్త ఎక్కువ) అని ఓడ కెప్టెన్ కాగితం రాసిచ్చాడు. ఓడ 1793 ఆగస్టు 2న బయలుదేరింది. సెప్టెంబరు 20న కట్టర్ దారిలోనే చనిపోయాడు. అక్టోబరు 9న ఓడ ఒడ్డుకు చేరింది. ఏడు వారాలు పనిచేశాడు, ఇంకో మూడు వారాలు చాలు. అతని భార్య ఆ పనిచేసిన రోజులకైనా డబ్బు ఇప్పించమని క్వాంటమ్ మెరూయిట్ కింద అడిగింది. ఏమీ రాలేదు. ఎందుకంటే ఒప్పందం ‘మొత్తం పూర్తయితేనే మొత్తం డబ్బు’ అన్న రకంది. పైగా మామూలు జీతం నెలకు నాలుగు పౌండ్లున్న రోజుల్లో 30 గినీలు ఒప్పుకున్నాడంటే, ఆ రిస్కు కూడా ఒప్పుకున్నట్టేనని న్యాయమూర్తులు భావించారు. తీర్పులోని తర్కం నాకు అర్థమవుతుంది. ఆ భార్యకు జరిగింది న్యాయమని మాత్రం ఎప్పుడు చదివినా అనిపించదు. తర్వాతి కాలంలో ఇంగ్లీషు చట్టంలో ఇలాంటి కాఠిన్యాన్ని తగ్గించే మార్పులు వచ్చాయి.

కాబట్టి మీ ఒప్పందంలో ‘మొత్తం బొమ్మలు అప్పగించాకే చెల్లింపు’ అని ఉందేమో చూడండి. ఉంటే, బొమ్మకు ఇంత అనో, ప్రతి పది బొమ్మలకు ఇంత అనో మార్పించుకోండి. ముందే రాసుకున్న ‘ఇంత’ చేతిలో ఉంటే తర్వాత ‘ఎంత’ అని వాదించాల్సిన పని ఉండదు. సంతకం పెట్టేముందు ఒక లాయరుకు చూపించండి. మీ ప్రాంతపు చట్టం ఏమంటుందో చెప్పాల్సింది వాళ్లు.

ప్రశ్న: టీచర్ గారూ, నేను ఇంటర్ చదువుతున్నాను. క్వాంటమ్ అంటే ‘అతి చిన్న శక్తి ప్యాకెట్’ అని బట్టీపట్టాం. పరిమాణం అనే మాటను ఫిజిక్స్ వాళ్లు ఎందుకు తీసుకున్నారు? కొత్త మాట పెట్టుకోవచ్చుగా?

జవాబు: మంచి ప్రశ్న అడిగావు నాన్నా. కొత్త మాట పెట్టుకోకపోవడానికి కారణం, అది జర్మన్‌లో అప్పటికే ఉన్న మామూలు మాట కావడం. ‘ఇంత పరిమాణం’ అనడానికి చదువుకున్నవాళ్లు ‘క్వాంటుమ్’ అనేవారు. భౌతికశాస్త్రవేత్తలు విద్యుత్తు విషయంలోనూ దాన్ని వాడారు. ఎలక్ట్రాన్ మీది ఆవేశం ఎప్పుడూ ఒకే ‘ఇంత’గా వస్తుంది కాబట్టి దాన్ని విద్యుత్తు మూల క్వాంటమ్ అన్నారు. శక్తి వంతు తర్వాత వచ్చింది.

1900 డిసెంబరు 14న బెర్లిన్‌లో జర్మన్ భౌతికశాస్త్ర సమాజం సమావేశంలో మాక్స్ ప్లాంక్ ఒక లెక్క చెప్పాడు. బాగా వేడెక్కిన వస్తువు నుంచి ఏ రంగు వెలుగు ఎంత వస్తుందన్నది అప్పటి సమస్య. పాత సిద్ధాంతాన్ని చివరిదాకా లాగితే, తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ శక్తి అంతులేకుండా పెరిగిపోవాలి. కొలిస్తే అలా ఉండదు. కొలిచినదానికి సరిపోవాలంటే శక్తి ఏ విలువైనా తీసుకోకూడదు, ఒక నిర్దిష్టమైన ‘ఇంత’కు గుణిజాలుగానే ఉండాలి అని ప్లాంక్ లెక్కవేశాడు. ఆ ‘ఇంత’ ఆ వెలుగు పౌనఃపున్యాన్ని, అంటే సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందన్నదాన్ని, బట్టి ఉంటుంది: పౌనఃపున్యాన్ని ‘హెచ్’ అనే స్థిరాంకంతో గుణిస్తే వస్తుంది. ఆయన అప్పుడు వాటిని ‘శక్తి భాగాలు’ అనే అర్థంలోనే పిలిచాడు. ఇష్టపడి వేసిన అడుగు కూడా కాదది. వేరే దారి లేక తెగించి చేశానని చాలా ఏళ్ల తర్వాత ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. శక్తికీ వెలుగుకూ క్వాంటమ్ అనే మాటను గట్టిగా తగిలించింది 1905లో ఐన్‌స్టీన్. వెలుగు ప్రయాణించేటప్పుడు కూడా క్వాంటాలుగానే ఉంటుందన్నాడు. నువ్విప్పుడు వాటిని ఫోటాన్లు అంటున్నావు. ఆ పేరు 1926 తర్వాత స్థిరపడింది.

ఇప్పుడు నువ్వు బట్టీపట్టిన నిర్వచనం చూద్దాం. ‘అతి చిన్న’ అన్నది ఒక షరతుతోనే నిజం. ఆ పౌనఃపున్యం ఉన్న వెలుగులో అంతకంటే తక్కువ ఇవ్వలేం, తీసుకోలేం. అంతే తప్ప ప్రపంచమంతటికీ ఒకటే సైజున్న ప్యాకెట్ ఏదీ లేదు. లెక్కలు చూడు. ఎర్ర వెలుగు చివరన, తరంగదైర్ఘ్యం 700 నానోమీటర్ల దగ్గర, ఒక క్వాంటమ్ సుమారు 1.8 ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణువుల స్థాయిలో శక్తిని కొలిచే చిన్న ప్రమాణం ఇది). ఊదా చివరన, 400 దగ్గర, సుమారు 3.1. 100 మెగాహెర్ట్జ్ ఎఫ్ఎం రేడియో తరంగంలో ఒక క్వాంటమ్ ఒక ఎలక్ట్రాన్ వోల్టులో పది లక్షల వంతు కూడా ఉండదు, అందులోనూ సగానికి తక్కువ. కోబాల్ట్-60 నుంచి వచ్చే గామా కిరణాల్లో ఒకదాని క్వాంటమ్ 13 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు దాటుతుంది. ఆ రేడియో క్వాంటమ్‌కు ఇది దాదాపు 3 లక్షల కోట్ల రెట్లు! రెండింటి పేరూ క్వాంటమే. అందుకే పరీక్షలోనైనా, తర్వాతైనా, క్వాంటమ్ అనే మాట కనిపించగానే ‘దేని క్వాంటమ్? ఎంత?’ అని అడుగు. జవాబు కాగితంలో ఆ రెండూ రాస్తే నీకు విషయం తెలిసినట్టు.

ఆ ‘హెచ్’ విలువ 6.62607015 × 10 టు ద పవర్ మైనస్ 34 జౌల్ సెకన్లు. 2019 మే 20 నుంచి ఈ అంకెను కొలిచి చెప్పడం లేదు. ఇదే విలువ అని నిర్ణయించి, కిలోగ్రామును దాని నుంచి నిర్వచిస్తున్నారు. ఒకప్పుడు ప్లాంక్ లెక్క కుదరడం కోసం తెచ్చుకున్న అంకె ఇప్పుడు తూకానికే ఆధారమైంది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ప్రశ్న: ‘క్వాంటమ్ లీప్’ అంటే పెద్ద ముందడుగు అని నేను, క్వాంటమ్ అంటే అతి చిన్నది కాబట్టి అది తప్పు వాడకమని మా స్నేహితుడు. ఎవరిది సరైనది?

జవాబు: మీ ఇద్దరూ సైజు దగ్గరే ఆగిపోయారు. ఆ మాట చెప్పేది ఎలా మారింది అన్నది. హైడ్రోజన్ పరమాణువులో ఎలక్ట్రాన్ మొదటి స్థాయి నుంచి రెండో స్థాయికి వెళ్లాలంటే 10.2 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. ఆ రెండింటి మధ్య నిలబడటానికి వేరే స్థాయి లేదు. ఐదు ఎలక్ట్రాన్ వోల్టులిచ్చి సగం దూరం పంపడం కుదరదు. ఇలా ఒక స్థితి నుంచి మరో స్థితికి మధ్య మజిలీ లేకుండా మారడాన్ని క్వాంటమ్ జంప్ అన్నారు. 1913లో నీల్స్ బోర్ ఇచ్చిన పరమాణు నమూనాతో ఈ ఆలోచన పాతుకుంది. 20వ శతాబ్దం మధ్యకొచ్చేసరికి జనం భాషలో ఒక్కసారిగా వచ్చిన పెద్ద మార్పుకు క్వాంటమ్ లీప్ అనడం మొదలైంది. నిఘంటువులు ఒప్పుకున్నాయి. తప్పు అనడానికి ఇప్పుడు వీల్లేదు. కాబట్టి మీ వాడకం చెల్లుతుంది.

కానీ నా షరతు ఒకటుంది. మెల్లగా పెరిగినదానికి ఆ మాట వాడకండి. ఏడాదికి మూడు శాతం చొప్పున అమ్మకాలు పెరిగితే అది క్వాంటమ్ లీప్ కాదు, ఎంత పెద్ద అంకెకు చేరినా కాదు. చేత్తో రాసే లెక్కల నుంచి కంప్యూటర్‌కు మారడం లాంటిది, పాత స్థితికీ కొత్త స్థితికీ మధ్య వంతెన లేనిది అయితేనే ఆ పోలిక నిలుస్తుంది.

మీ స్నేహితుడికి ఇంకో సంగతి చెప్పండి. 1986లో మూడు వేర్వేరు బృందాలు ఒంటరి అయాన్ (విద్యుదావేశం ఉన్న పరమాణువు) వెలుగు ఆరిపోవడం, మళ్లీ వెలగడం చూసి ఈ జంప్‌లను నేరుగా గమనించాయి. 2019లో యేల్ విశ్వవిద్యాలయం బృందం ఒక కృత్రిమ పరమాణువులో జంప్ మొదలవుతుండగా పసిగట్టి, మధ్యలో వెనక్కి తిప్పింది కూడా. జంప్ ఎప్పుడొస్తుందో చెప్పలేకపోయినా, మొదలయ్యాక అది నడిచే తీరుకు ఒక క్రమం ఉందని ఆ ప్రయోగం చూపించింది.

ప్రశ్న: ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టులో ‘టైమ్ క్వాంటమ్’ వచ్చింది. క్వాంటమ్ కంప్యూటర్‌కు సంబంధించినదా?

జవాబు: సంబంధం లేదు బాబూ. అక్కడ అది పాత అర్థంలోనే ఉంది: ఒక్కో ప్రోగ్రామ్‌కు ప్రాసెసర్ ఒక విడతలో ఇచ్చే సమయం ఎంత అని. రౌండ్ రాబిన్ పద్ధతిలో ఆ గడువు తీరగానే తర్వాతిదానికి వంతు. సాధారణంగా కొన్ని మిల్లీసెకన్ల నుంచి 100 దాకా ఉంటుంది. మరీ తగ్గిస్తే వంతులు మార్చడానికే సమయం పోతుంది, మరీ పెంచితే వెనకున్నవి ఎదురుచూస్తూ కూర్చుంటాయి.

ప్రశ్న: మేడమ్ గారూ, క్వాంటమ్ డాట్ టీవీ అంటున్నారు, క్వాంటమ్ లాకెట్ అంటున్నారు. ఏది నిజం, ఏది మోసం? మా అత్తగారు లాకెట్ కొనమని అడుగుతున్నారు.

జవాబు: టీవీలో ఉన్నది నిజమైన మాటే. క్వాంటమ్ డాట్లు కొన్ని నానోమీటర్ల స్ఫటికాలు. అంత ఇరుకులో ఎలక్ట్రాన్లకు అనుమతించిన శక్తి స్థాయిలు స్ఫటికం సైజును బట్టి మారతాయి. అందువల్ల పదార్థం మార్చకుండానే, సైజు మార్చి రంగు మార్చవచ్చు. చిన్నది నీలం వైపు, పెద్దది ఎరుపు వైపు. ఈ పనికి 2023లో మౌంగి బావెండి, లూయీ బ్రూస్, అలెక్సీ ఎకిమోవ్‌లకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. చూడండి, ఇక్కడ ‘ఎంత’ అని అడిగితే జవాబుంది: ఇన్ని నానోమీటర్లు, ఈ రంగు.

లాకెట్ అమ్మేవాళ్లను అదే అడగండి. దేని క్వాంటమ్? ఎంత? దేంతో కొలిచారు? జవాబు రాదు. ఆ మాటను అక్కడ పెట్టింది గౌరవం అరువు తెచ్చుకోవడానికి. డబ్బు పోవడంతో ఆగితే సరిపోయేది. 5జీ నుంచి కాపాడతాయని, శరీరానికి శక్తినిస్తాయని చెప్పి అమ్మే లాకెట్లు, కంకణాల లాంటి 10 ఉత్పత్తుల నుంచి అయనీకరణ వికిరణం, అంటే ఒంటికి హాని చేయగల రేడియేషన్, వస్తోందని 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణు భద్రతా సంస్థ హెచ్చరించింది. వాటిని ధరించవద్దంది. వాటిలో పిల్లల కంకణం కూడా ఉంది. రాత్రింబవళ్లు ఒంటిని అంటిపెట్టుకుని ఉండే వస్తువు కాబట్టి కొద్దిపాటిదైనా పోగవుతూ ఉంటుంది. మీ అత్తగారికి ఈ సంగతి నెమ్మదిగా, ఆవిడ నమ్మకాన్ని చులకన చేయకుండా చెప్పండి. ఆవిడకు ఒంట్లో ఏ బాధ ఉండి అడుగుతున్నారో కనుక్కుని, దానికి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

ప్రశ్న: పాత మందుల తయారీ కాగితాల్లో నీళ్ల పక్కన ‘క్యూ.ఎస్.’ అని ఉంటుంది. అందులో క్యూ ఏమిటి?

జవాబు: అది మన క్వాంటమే. ‘క్వాంటమ్ సఫిసిట్’, ఎంత సరిపోతే అంత. మిగతా దినుసులు తూకం ప్రకారం వేశాక, చెప్పిన మొత్తానికి చేరేదాకా నీళ్లు కలపమని. ‘క్వాంటమ్ సాటిస్’ అని కూడా అంటారు. ఐరోపా సమాఖ్య ఆహార సంకలితాల నిబంధనల్లో కొన్నింటి ఎదుట అంకె బదులు ఇదే మాట ఉంటుంది. గరిష్ఠ పరిమితి అంకెల్లో పెట్టలేదని దాని భావం. అలాగని ఇష్టం వచ్చినంత వేయడానికి లేదు. ఉద్దేశించిన పనికి కావాల్సినంత మాత్రమే వేయాలి.

ప్రశ్న: బహువచనం క్వాంటమ్సా, క్వాంటానా? తెలుగులో క్వాంటమ్ అని రాయాలా, క్వాంటం అనా?

జవాబు: ఇంగ్లీషులో క్వాంటా. డేటమ్‌కు డేటా ఎలాగో అలాగే. తెలుగులో రెండు రాతలూ వాడుకలో ఉన్నాయి. పాఠ్యపుస్తకాల్లో ‘క్వాంటం సంఖ్యలు’ అని సున్నాతోనే ఎక్కువ కనిపిస్తుంది. నేను మకారంతో రాస్తాను, ఎందుకంటే ‘క్వాంటమ్‌ను’, ‘క్వాంటమ్‌లో’ అని విభక్తి చేర్చడం తేలిక. బహువచనానికి ‘క్వాంటాలు’ అనండి. లాటిన్ బహువచనం మీద మన ‘లు’ చేరిందని ఎవరైనా అభ్యంతరం చెబితే పట్టించుకోకండి. చెవికి తెలుగులా వినబడటం ముఖ్యం.